ఒక యంత్రము – పది బల్లలు
(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభకై సిద్ధపరచిన ఉపన్యాస పాఠము)



ఒక గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండుట పండుగయే. అయినను పండుగనాడు పూలమాలలతోపాటు లెక్కల పుస్తకమును కూడ విప్పుట మంచిది. ఇంతవరకు ఏమి సమకూడినది, ఏమి కొరవడినది, రాబోవు ఏండ్లకు ఏది కావలయును అని చూచుకొనవలసిన దినమిది.

నేడు గ్రంథాలయమునకు వచ్చు యువకునకు పత్రికయు, పోటీ పరీక్షల పుస్తకమును మాత్రమే చాలవు. ఉద్యోగ ప్రకటన, దరఖాస్తు, రుసుము, హాలుటిక్కెట్టు, ఫలితము, అన్నియు కంప్యూటరు తెరమీదనే జరుగుచున్నవి. విద్యార్థికి ప్రవేశ పరీక్షయు, రైతునకు భూమి వివరములును అట్లే. ఊరిలో ఆ వసతి దొరకనివాడు తాండూరునకో వికారాబాదునకో పోవలసి యుండును. గడువు తేదీనాడు బస్సు తప్పెనేని, ఒక ఏటి శ్రమ నీరుగారును. కావున గ్రంథాలయమున పది కంప్యూటరు బల్లలు ఉండుట విలాసము గాదు. పుస్తకముల బీరువా వంటి అవసరమే.

పది బల్లలకు పది కంప్యూటర్లు కొనుట ఒక మార్గము. బలమైన యంత్రము నొక్కటి లోపలి గదిలో నుంచి, పది బల్లలమీదను తెర, మీటల పలక, ఒక చిన్న పెట్టె మాత్రమే అమర్చుట రెండవ మార్గము. చిన్న పెట్టె స్వయముగ ఏ పనియు చేయదు. లోపలి యంత్రము చేసిన పనిని తెరమీద చూపును, పాఠకుని మీటలను లోపలికి అందించును. ఆ లోపలి యంత్రమునకు సర్వరనియు, పాఠకునకు తెరమీద కనబడు కంప్యూటరునకు వర్చువల్ డెస్క్‌టాపనియు పేరు. సర్వరు ఎంత బలముగ నుండవలెను, అందు నిల్వకు ఎంత చోటు కావలెను అను రెండు ప్రశ్నలే ఈ ఉపన్యాసమునకు విషయము.

ఒక యంత్రమును పలువురు పంచుకొనుట క్రొత్త ఆలోచన కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఫెర్నాండో కార్బటో బృందము 1961లోనే ఒక కంప్యూటరు కాలమును పలువురకు పంచియిచ్చు పద్ధతిని ప్రదర్శించెను. ఒక యంత్రములో పలు యంత్రములను సృష్టించు హైపర్‌వైజరు అను సాఫ్టువేరు నేడు ఉచితముగను లభించుచున్నది. లినక్సులో 2007లో చేరిన కె.వి.ఎం., దాని ఆధారముగ 2008లో వెలువడిన ప్రాక్స్‌మాక్స్ అందుకు ఉదాహరణములు.

తెలుగునాట ఇది పెద్దయెత్తున ప్రయోగింపబడినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున, యాలాల్ ఇంకను రంగారెడ్డి జిల్లాలో నున్న కాలమున, 2008–09 ప్రాంతమున సుమారు 5,000 ప్రభుత్వ పాఠశాలలకు కంప్యూటరు విద్య నందించు పథకము నడచెను. ఒక కంప్యూటరు శక్తిని పలువురు పంచుకొను ఎన్‌కంప్యూటింగ్ పరికరములు అందు వాడబడినవి. ఆసనములు సుమారు 50,000; అనగా బడికి పది చొప్పున. ఇంత విస్తారమైన పథకము సాధ్యమగుటకు మూలము ఈ పంపకమే. అయితే ఒప్పందము ఐదేండ్లకు మాత్రమే జరిగెను. ఆ గడువు తీరిన పిమ్మట మరమ్మతు ఎవరిది, నేర్పువారి జీతమెవరిది అను ప్రశ్నలు మిగిలినవి. కొనునాటి లెక్కయే గాక, నడపునాటి లెక్కయు ముందే వేసికొనవలెనని ఈ అనుభవము తెలుపుచున్నది.

మొదటి లెక్క మనుషులది, యంత్రములది కాదు. సభ్యుల పట్టికలో మూడు వందల పేర్లున్నవని భావింపుడు. మూడు వందలమందియు ఒక్కసారి రారు. అట్లని రోజుకు సగటున నలుగురు వచ్చుచున్నారు గనుక నాలుగు బల్లలు చాలుననుటయు పొరపాటే. సగటును నమ్మి వంట చేసినవాడు పెండ్లిలో పరువు పోగొట్టుకొనును. నాలుగు వారములపాటు గంటగంటకు ఎందరు వచ్చిరో ఒక చీటీమీద వ్రాసియుంచవలెను. అందు దరఖాస్తుల గడువు వారము, పరీక్షా ఫలితముల దినము తప్పక చేరవలెను. మిక్కిలి రద్దీయైన గంటలో ఎనమండుగురు కనబడినచో, దానికి నాలుగవ వంతు చేర్చి పది ఆసనములని నిర్ణయింపవచ్చును. తక్కిన అంకెలన్నియు ఈ పదినుండియే పుట్టును; ఇది తప్పినచో అన్నియు తప్పును.

రెండవ లెక్క సర్వరు బలమునకు సంబంధించినది. బంతి భోజనము నెరిగినవారికి ఇది సులభముగ బోధపడును. బంతిలో కూర్చున్న ప్రతివానికిని వేరుగ ఒక విస్తరి కావలెను. ఒక విస్తరిలో ఇద్దరు తినరు. వడ్డించువాడు మాత్రము ఒక్కడే పదిమందికి వడ్డింపగలడు, ఏలయనగా అందరును ఒక్క క్షణముననే అన్నము అడుగరు. వంటసాల ద్వారము ఇరుకైనచో, ఎందరు వడ్డించువారున్నను బంతి ఆగిపోవును. సర్వరులో విస్తరి వంటిది ర్యాము అనబడు జ్ఞాపకము. వడ్డించువాని వంటిది ప్రాసెసరు. వంటసాల ద్వారము వంటిది నిల్వ డిస్కు.

ముందుగ జ్ఞాపకము. ఒక్కొక్క ఆసనమునకు వేరు వర్చువల్ డెస్క్‌టాపు ఇచ్చి, అందు ఇంటర్నెట్టు చూచుట, వ్రాతపని చేయుట సాగవలెనన్నచో ఆసనమునకు 4 గిగాబైట్లు కనీసమని తలపవలెను. పదింటికి 40. సర్వరు తన స్వంత పనికి 8 ఉంచుకొనును. మొత్తము 48. బజారులో దొరకు తరువాతి పరిమాణము 64 గనుక, దానిని కొనినచో 16 రేపటి అవసరమునకు మిగులును. ఇచ్చట పిసినారితనము పనికిరాదు. జ్ఞాపకము చాలనప్పుడు యంత్రము డిస్కును జ్ఞాపకముగ వాడుకొనజూచును. డిస్కు ఎంతో నెమ్మదియైనది గనుక అప్పుడు ఒక్కరి పని గాక పదిమంది పనియు కుంటును. తన తప్పులను తానే దిద్దుకొనగల ఇ.సి.సి. అను తరగతి జ్ఞాపకమునే సర్వరునకు కొనుట క్షేమము.

ఇక ప్రాసెసరు. ఆసనమునకు రెండు చొప్పున ఇరువది ఊహా ప్రాసెసర్లు కనబడవలెననుకొనుడు. తేలిక పనులకు ఒక నిజమైన కోరు నాలుగింటిని మోయగలదు. అనగా ఐదు కోర్లు. కాని పాఠకులు వీడియో పాఠములను చూచుదురు. ప్రత్యేక గ్రాఫిక్సు పరికరము లేని సర్వరులో ఆ భారమంతయు ప్రాసెసరుమీదనే పడును. కావున ఎనిమిది కోర్లు ఉచితము. కొనుటకు ముందు అరువు తెచ్చిన యంత్రముమీదనైనను, పదిమందిని ఒక్కసారి కూర్చుండబెట్టి వీడియో నడపించి చూచుట నూరు పత్రముల లెక్కకంటె మేలు.

అందరును ఒకే లినక్సును తమ తమ పేర్లతో పంచుకొను పద్ధతి మరియొకటి కలదు. అందు జ్ఞాపకము సగమునకంటె తక్కువతోనే పని సాగవచ్చును. కాని మూలమైన ఆ ఒక్కదానికి ఇబ్బంది కలిగినచో అందరికిని కలుగును. ధనము తక్కువయైన గ్రంథాలయమునకు ఇది తగును. పరీక్షల దరఖాస్తులకు విండోసు తప్పనిసరియైన చోట వేరు డెస్క్‌టాపుల పద్ధతి తగును. ఒక్క హెచ్చరిక: విండోసును ఇట్లు సర్వరునుండి చిన్న పెట్టెలకు అందించుటకు మామూలు అనుమతి చాలదు, ప్రత్యేకమైన అనుమతి కొనవలెను. ఆ ఖర్చు యంత్రపు వెలలో కనబడదు గనుక ముందే అడిగి తెలిసికొనవలెను.

మూడవ లెక్క నిల్వది. పలువురు పొరబడునది ఇచ్చటనే. నిల్వ అనగానే ఎంత చోటు అని మాత్రమే అడుగుదురు. ఎంత వేగము అని అడుగరు. నిమిషమునకు 7,200 మారులు తిరుగు సాధారణ హార్డుడిస్కు అచ్చటచ్చట చెదరియున్న సమాచారమును సెకండునకు నూరు మారులకు మించి అందింపజాలదు. తేలిక పని చేయు ఆసనమొక్కటి సెకండునకు పదునైదు మారులు అడుగుననుకొన్నను పదింటికి నూటయేబది. అప్పటికే ద్వారము ఇరుకు. ఉదయము గ్రంథాలయము తలుపు తెరువగానే పదిమందియు ఒక్కసారి మీట నొక్కినచో అడుగుట అనేక రెట్లు పెరుగును. అప్పుడు పది తెరలమీదను ఒకే చక్రము తిరుగుచుండును. పాఠకుడు విసుగుతో లేచిపోవును. యంత్రము చెడిపోలేదు, లెక్క చెడినది.

దీనికి రెండు ఉపాయములు గలవు. డెస్క్‌టాపులను తిరుగు డిస్కుమీద గాక ఎస్.ఎస్.డి. మీద నుంచవలెను, అది సెకండునకు వేలకొలది కోరికలను తీర్చగలదు. రెండవది, తలుపు తెరుచుటకు అరగంట ముందే రెండేసి నిమిషముల యెడముతో ఒక్కొక్క డెస్క్‌టాపు దానంతట అదే మేల్కొనునట్లు ఏర్పాటు చేయవలెను. ఇందుకు పైసా ఖర్చు లేదు.

చోటు లెక్క గ్రంథాలయపు వాడుకనే పోలియుండును. చదువుబల్ల అందరిది, సాయంకాలము గ్రంథపాలకుడు దానిని తుడిచి శుభ్రము చేయును. పాఠకుని నోటుపుస్తకము మాత్రము అతనిది. అట్లే ఒక మూలప్రతి తయారుచేసి, అందు తెలుగు ఖతులు, ఇన్‌స్క్రిప్టు మీటల అమరిక, కావలసిన సాఫ్టువేరు ఒక్కసారి అమర్చినచో, పది డెస్క్‌టాపులును ఆ మూలప్రతినే చదువుకొనును. ఒక్కొక్కటి తన మార్పులను మాత్రము వేరుగ వ్రాసికొనును. మూలప్రతి 50 గిగాబైట్లు అనుకొన్నచో, పదిమార్లు నకలు తీసిన 500 కావలెను. మార్పులకు మాత్రము ఆసనమునకు 8 చొప్పున ఇచ్చినచో మొత్తము 130 చాలును. ప్రతి పాఠకుడు లేచిపోగానే ఆ మార్పులు చెరిగిపోవునట్లు నియమింపవచ్చును.

ఈ చెరిపివేత చిన్న విషయము కాదు. దరఖాస్తు పెట్టవచ్చిన యువతి తన ఆధారు ప్రతిని, మార్కుల పత్రమును, ఫోటోను యంత్రమునకు ఎక్కించి, తొందరలో తీసివేయుట మరచి పోవచ్చును. ఉమ్మడి కంప్యూటరులో అవి తరువాతివాని కంటబడును. సాయంకాలమునకు కాదు, లేచిన క్షణమునకే బల్ల తుడిచివేయు పద్ధతి పాఠకుని గౌరవమును కాపాడును.

పాఠకుల స్వంత దాచుకొనుటకు సభ్యునకు 3 గిగాబైట్లు చొప్పున మూడు వందల మందికి 900 కావలెను. డిస్కు నిండుగ నిండినచో వేగము తగ్గును, పనియు ఆగును. కావున నాలుగవ వంతు ఎల్లప్పుడును ఖాళీగ నుంచవలెను. ఈ లెక్కన డెస్క్‌టాపులకు సుమారు 175, పాఠకుల దాపునకు 1,200 గిగాబైట్లు. మొదటిదానికి 500 గిగాబైట్ల ఎస్.ఎస్.డి.యు, రెండవదానికి 2 టెరాబైట్ల సాధారణ హార్డుడిస్కును చాలును. పాత పుస్తకముల పుటలను ఛాయాచిత్రములుగ భద్రపరచు సంకల్పమున్నచో, పుస్తకమునకు 100 మెగాబైట్ల లెక్కన వేయి పుస్తకములకు మరియొక 100 గిగాబైట్లు చేర్చుకొనవలెను.

నాలుగవ లెక్క ఆపదకు సంబంధించినది. పది కంప్యూటర్లున్నచోట ఒకటి చెడినచో తొమ్మిది పనిచేయును. ఒక్క సర్వరు ఉన్నచోట అది చెడినచో పది తెరలును చీకటియగును. ఈ పద్ధతికి గల పెద్ద లోపమిదే. దీనిని దాచుట తగదు. కావున ప్రతి డిస్కునకు జోడుగ మరియొక డిస్కునుంచి, ఒకదానిలో వ్రాసినది రెండవదానిలోను వ్రాయబడునట్లు చేయవలెను. పైన చెప్పిన రెండు డిస్కులు ఇందువలన నాలుగగును. ఒకటి చచ్చినను పని ఆగదు. అయితే జోడు డిస్కు భద్రప్రతి కాదు. పొరపాటున చెరిపినది రెండింటను చెరిగిపోవును. వైరసు సోకినచో రెండింటికిని సోకును. ప్రతి వారము వేరొక డిస్కునకు నకలు తీసి, ఆ డిస్కును గ్రంథాలయమున గాక బడిలోనో, కార్యవర్గ సభ్యుని యింటనో దాచవలెను. అట్టివి రెండుంచి వారము మార్చి వారము వాడవలెను. ఆరు నెలలకొకసారి ఆ నకలునుండి ఒక ఫైలును తిరిగి తీసి చూడవలెను. తీసిచూడని నకలును నమ్మరాదు. సర్వరు బాగుపడునంతవరకు గడువు పని ఆగకుండ ఒక పాత కంప్యూటరునైనను ప్రక్కన సిద్ధముగ నుంచవలెను.

ఐదవ లెక్క కరెంటుది, వేడిమిది, దుమ్ముది. సర్వరునకు 200 వాట్లు, పది చిన్న పెట్టెలకు 100, పది తెరలకు 200, తీగలు కలియు స్విచ్చికి 20, వెరసి 520 వాట్లు. పది వేరు కంప్యూటర్లయినచో తెరలతో గూడ సుమారు 1,000. ఇండ్లలో వాడు 12 వోల్టుల 150 ఆంపియరు గంటల బ్యాటరీ 1,800 వాటు గంటలను దాచుకొనును. బ్యాటరీ మన్నికకై సగమే వాడుకొన్నను 900. తరుగులు పోను పది బల్లలను గంటకు పైగా నడుపవచ్చును. కరెంటు పోయినపుడు ఆ గంట దరఖాస్తు పూర్తిచేయుటకును, సర్వరును సక్రమముగ ఆపుటకును చాలును. ఇన్వర్టరు రెప్పపాటు ఆలస్యము చేసినను సర్వరు ఆగిపోవచ్చును గనుక దానికి ముందు చిన్న యు.పి.ఎస్. అవసరము.

తాండూరు ప్రాంతము నాపరాయికి ప్రసిద్ధి. ఆ రాతిని కోయుచోట, నునుపు చేయుచోట లేచు సన్నని దుమ్మును, కందికోతల దుమ్మును యంత్రమునకు శత్రువులు. నాపరాయి పరచిన చల్లని నేల మంచిదే. కాని సర్వరును నేలమీద పెట్టరాదు. అడుగున్నర ఎత్తున బల్లమీద నుంచి, గాలి లోపలికి పోవు జాలెను నెలకు రెండుమార్లు శుభ్రపరచవలెను. ఎండాకాలమున తలుపులన్నియు మూసిన చిన్న గదిలో దానిని బంధించినచో వేడిమికి వేగము తగ్గును, ఆయువు తరుగును. తీగల విషయమున వైఫైనే నమ్ముకొనక, సెకండునకు ఒక గిగాబిట్టు మోయు స్విచ్చిని, తీగలను వాడవలెను. పదిమంది వీడియో చూచినను ఆసనమునకు 10 మెగాబిట్ల చొప్పున 100 మాత్రమే గనుక అది ధారాళముగ సరిపోవును.

దూరమున నెచ్చటనో గల యంత్రములను నెలసరి అద్దెకు తీసికొనరాదా యని కొందరు అడుగవచ్చును. ఇంటర్నెట్టు ఎన్నడును తెగని చోట అదియు మేలే. తెగినచోట మాత్రము తెరయే వెలుగదు. సర్వరు ఊరిలోనే యున్నచో ఇంటర్నెట్టు పోయినను విద్యార్థి తన వ్రాతపని చేసికొనగలడు, దాచిన పాఠములను చదువగలడు. అట్లే మూడు నాలుగు బల్లలు మాత్రమే చాలు గ్రంథాలయమునకు సర్వరు అక్కరలేదు. విడి కంప్యూటర్లే చౌక. ఎనిమిది పది దాటినపుడే ఈ పద్ధతి లాభము చూపును. అంతకంటె ముందు ఒక్క ప్రశ్నకు జవాబు వెదకవలెను. ఒక మూలప్రతిని దిద్దగల, ఒక డిస్కును మార్చగల యువకుడో యువతియో ఊరిలో గలరా? లేనిచో ఇద్దరికి నేర్పించుటయే మొదటి కొనుగోలు.

గ్రంథాలయ శాస్త్రమునకు బాటవేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రములలో చివరిది గ్రంథాలయమును పెరుగు ప్రాణిగ భావించును. పెరుగు ప్రాణికి కుట్టించు చొక్కాకు కుట్లలో కొంత గుడ్డ వదలుదురు. సర్వరులో ఖాళీ జ్ఞాపకపు గళ్ళు, డిస్కులకు ఖాళీ అరలు వదలుట అట్టిదే. యంత్రమునకు ఐదారేండ్ల ఆయువని తలచి, దాని వెలలో ఐదవ వంతును ఏటేట వేరుగ దాచినచో, పాతది అలసిపోవు నాటికి క్రొత్తదానికి ధనము సిద్ధముగ నుండును. దాచనిచో తాళము పడిన కంప్యూటరు గది మరియొకటి ఏర్పడును.

కావున క్రొత్త ఏట కార్యవర్గము మొదట కొనవలసినది సర్వరు కాదు. ఒక రెండు వందల పుటల నోటుపుస్తకము. దానిని గ్రంథపాలకుని బల్లమీద నుంచి, ఏ గంటలో ఎందరు వచ్చిరో, ఏ పనికి వచ్చిరో, పని కాక ఎందరు తిరిగిపోయిరో వ్రాయించవలెను. తిరిగిపోయినవారి సంఖ్యయే అన్నింటికంటె ముఖ్యము. ఆ పుస్తకము నాలుగు వారములు నిండిన పిమ్మట దానినుండి పుట్టిన లెక్కతో యంత్రమును కొన్నచో, గడువునాటి రాత్రి యాలాల్ బిడ్డ ఎవ్వరును తాండూరు బస్సుకొరకు పరుగెత్తవలసిన పని యుండదు.